రెండు సెల్స్ కలిపితే పుట్టిన తేదీ ఏమైంది?

బడిలో పదో తరగతి నామినల్ రోల్ తయారవుతోందనుకుందాం. ఎక్సెల్ షీట్‌లో ఏ కాలమ్‌లో విద్యార్థుల పేర్లు, బి కాలమ్‌లో పుట్టిన తేదీలు, సి కాలమ్‌లో తండ్రుల పేర్లు ఉన్నాయి. ఐడీ కార్డుల కోసం పేరూ తేదీ కలిసి ఒకే సెల్‌లో, "అనూష, పుట్టిన తేదీ 12-03-2010" అన్నట్టు రావాలి. వందల మందికి చేత్తో కొట్టడం అయ్యే పని కాదు కాబట్టి రెండు సెల్స్‌నూ కలిపే ఫార్ములా రాస్తాం. ఎంటర్ నొక్కగానే పేరు పేరులాగే వస్తుంది. తేదీ ఉండాల్సిన చోట మాత్రం 40249 అని ఐదంకెల సంఖ్య కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ సెల్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి, డేట్ ఎంచుకుంటారు. ఏమీ మారదు. ఇంకోసారి ప్రయత్నిస్తారు. అప్పుడూ అంతే. చివరికి ఫార్ములా తీసేసి, రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కో తేదీ టైప్ చేయడం మొదలుపెడతారు. తప్పులు పడేది సరిగ్గా అక్కడే. పుట్టిన తేదీలో పడ్డ తప్పు ఆ పిల్లను ఏళ్ల తరబడి వెంటాడుతుంది. పై చదువుల్లో చేరేటప్పుడైనా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడైనా వయసు రుజువు అడిగితే మనం తీసి చూపించేది పదో తరగతి సర్టిఫికెట్‌నే. అందుకే ఈ చిన్న ఫార్ములా సంగతి కాస్త ఓపిగ్గా తెలుసుకోవడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా ఒక మాట. ఫార్ములాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. షీట్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఏ2 అంటే ఏ కాలమ్‌లో రెండో వరస. డీ అంటే రోజు, ఎం అంటే నెల, వై అంటే సంవత్సరం.

40249 ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్సెల్‌కు తేదీ అంటే రోజు, నెల, సంవత్సరం కాదు. ఒక సంఖ్య. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని అక్కడి నుంచి వరసగా లెక్కిస్తుంది. ఆ లెక్కలో 1947 ఆగస్టు 15 సంఖ్య 17394. 2010 మార్చి 12 సంఖ్య 40249. మీరు తేదీ టైప్ చేసిన మరుక్షణం ఎక్సెల్ దాన్ని ఆ సంఖ్యగా మార్చి దాచుకుంటుంది. పైకి మాత్రం 12-03-2010 అని చూపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఏదైనా తేదీ ఉన్న సెల్‌ను ఎంచుకుని, ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చి చూడండి. సంఖ్య బయటపడుతుంది. మళ్లీ డేట్‌కు మారిస్తే తేదీ తిరిగి వస్తుంది. ఏమీ పోదు.

హైవే పక్కన కిలోమీటరు రాయి ఉంటుంది, ఊరి పేరు రాసిన బోర్డూ ఉంటుంది. రాయి మీది అంకె దారి మొదలైన చోటి నుంచి ఎంత దూరం వచ్చామో చెబుతుంది. బోర్డు మనకు అర్థమయ్యే పేరు చెబుతుంది. చోటు ఒక్కటే. ఎక్సెల్ సెల్ లోపల ఉండేది రాయి మీది అంకె, పైన కనిపించేది బోర్డు. రెండు సెల్స్‌ను & గుర్తుతో కలిపినప్పుడు ఎక్సెల్ లోపలి అంకెనే తీసుకుంటుంది, బోర్డును అక్కడే వదిలేస్తుంది. కలిపిన తర్వాత సెల్‌కు డేట్ ఫార్మాట్ ఇచ్చినా ఎందుకు మారలేదో కూడా ఇందులోనే ఉంది. "అనూష, పుట్టిన తేదీ 40249" అన్నది ఇప్పుడు మొత్తంగా ఒక వాక్యం. ఫార్మాట్ అనేది సంఖ్యల మీదే పనిచేస్తుంది, వాక్యం లోపల ఇరుక్కున్న అంకెల మీద పనిచేయదు.

ఇంత తిప్పలు ఎందుకు పెట్టారు, తేదీని తేదీగానే దాచుకోవచ్చుగా అనిపిస్తుంది. సంఖ్యగా దాచుకోవడం వల్ల వచ్చే లాభం చాలా పెద్దది. ఒక సెల్‌లో 1956 నవంబర్ 1, ఇంకో సెల్‌లో 2014 జూన్ 2 పెట్టి, రెండో దాంట్లోంచి మొదటిదాన్ని తీసేయండి. 21,032 వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అన్ని రోజులు ఉంది. లీపు సంవత్సరాలు ఎన్ని, ఏ నెలకు ముప్ఫై, ఏ నెలకు ముప్ఫై ఒకటి అని మనం చూసుకోనక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు నుంచి గణతంత్రం అయిన రోజుకు 895 రోజులు. ఇదీ ఒక్క తీసివేతే. వయసు లెక్కలు, వడ్డీ లెక్కలు, గడువు లెక్కలు అన్నీ ఈ సంఖ్య మీదే నడుస్తున్నాయి. సగం రోజును కూడా అది దాచుకోగలదు. 40249.75 అంటే అదే రోజు సాయంత్రం 6 గంటలు.

ఈ లెక్కలో ఒక పాత తప్పు ఇప్పటికీ అలాగే ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా ఎక్సెల్‌లో 60వ సంఖ్యకు 1900 ఫిబ్రవరి 29 అనే లేని తేదీ కనిపిస్తుంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం 1900ను లీపుగా లెక్కించింది. అప్పట్లో ఆఫీసుల్లో దానిదే రాజ్యం. దాని ఫైళ్లు తన దగ్గర కూడా సరిగ్గా తెరుచుకోవాలని మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ఆ తప్పును ఉన్నదున్నట్టు ఉంచింది. ఇప్పుడు దిద్దితే కోట్ల ఫైళ్లలో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి కాబట్టి దిద్దలేదు. పాత మాక్ కంప్యూటర్ల ఎక్సెల్ లెక్క 1904 నుంచి మొదలయ్యేది. రెండు లెక్కలకూ మధ్య 1462 రోజుల తేడా, అంటే నాలుగేళ్ల ఒక రోజు. ఎక్కడి నుంచో కాపీ చేసుకొచ్చిన తేదీలన్నీ కచ్చితంగా నాలుగేళ్ల ఒక రోజు ముందుకో వెనక్కో జరిగి కనిపిస్తే కారణం ఇదేనని గుర్తుపట్టండి.

1900కు ముందరి తేదీలు ఎక్సెల్‌కు తేదీలే కావు. గురజాడ అప్పారావు పుట్టిన 21-09-1862ని టైప్ చేస్తే దాన్ని మామూలు అక్షరాల వరసగా ఉంచేస్తుంది. ఆయన మరణించిన 30-11-1915ని మాత్రం తేదీగా తీసుకుని లోపల 5813 అని రాసుకుంటుంది. అందువల్ల రచయితల జాబితా ఏదైనా తయారుచేసి సెల్స్ కలిపితే, పుట్టిన తేదీ చక్కగా వచ్చి, పోయిన తేదీ అంకెగా రావచ్చు. గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ మాత్రం 1900 కన్నా వెనక్కి కూడా లెక్కపెట్టగలవు.

తేదీని చదవగలిగేలా కలపడం

దీనికి వాడాల్సింది టెక్స్ట్ అనే ఫంక్షన్. దానికి రెండు సంగతులు చెప్పాలి: ఏ సెల్‌లోని తేదీ కావాలి, అది ఏ రూపంలో కనిపించాలి. మన ఉదాహరణకు ఫార్ములా ఇలా ఉంటుంది:

=ఏ2&", పుట్టిన తేదీ "&టెక్స్ట్(బి2,"డీడీ-ఎంఎం-వైవైవైవై")

ఇప్పుడు "అనూష, పుట్టిన తేదీ 12-03-2010" అని వస్తుంది. కోట్ గుర్తుల మధ్య ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. అందుకే "తేదీ" తర్వాత, రెండో కోట్‌కు ముందు ఒక ఖాళీ వదిలాను. అది లేకపోతే మాటా అంకే అతుక్కుపోతాయి. ఇంకో జాగ్రత్త. ఎవరో వర్డ్ ఫైల్‌లో రాసి పంపిన ఫార్ములాను కాపీ చేస్తే కోట్ గుర్తులు వంకర తిరిగి ఉంటాయి. ఎక్సెల్‌కు నిటారు కోట్లే కావాలి. ఫార్ములా సరిగానే ఉన్నా ఎర్రర్ వస్తోందంటే కోట్లను చెరిపి, కీబోర్డు మీద మళ్లీ కొట్టి చూడండి.

ఆ అక్షరాలు ఎన్నిసార్లు రాస్తామన్న దాన్ని బట్టి తేదీ రూపం మారుతుంది. డీ ఒక్కసారి రాస్తే 5, రెండుసార్లు రాస్తే 05, మూడుసార్లయితే వారం పేరు పొట్టిగా, నాలుగుసార్లయితే పూర్తిగా వస్తుంది. ఎం రెండుసార్లయితే 03, మూడుసార్లయితే నెల పేరు ఇంగ్లీషులో పొట్టిగా, నాలుగైతే పూర్తిగా. వైని ఎప్పుడూ నాలుగుసార్లు రాయండి. రెండంకెల సంవత్సరాన్ని చదివేవాళ్లూ ఊహించుకోవాలి, కంప్యూటరూ ఊహించుకోవాలి. వృద్ధాప్య పింఛన్ల జాబితాలో 1928లో పుట్టిన పెద్దాయనకు 12-03-28 అని టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని 2028గా తీసుకుంటుంది. అంటే ఆయన ఇంకా పుట్టలేదన్నమాట.

ఒక్క ఎం మాత్రం రెండు పనులు చేస్తుంది. గంటల పక్కన ఉంటే అదే అక్షరం నిమిషాలవుతుంది. తేదీ, సమయం రెండూ కలిపి చూపించేటప్పుడు నెల ఎక్కడ, నిమిషం ఎక్కడ అన్నది ఒకసారి సరిచూసుకోండి.

జర్మనీలో పనిచేస్తున్న మనవాళ్లకు ఈ అక్షరాలతో ఇంకో ఇబ్బంది ఉంది. కంప్యూటర్ ప్రాంతం సెట్టింగ్ జర్మన్‌లో ఉంటే టెక్స్ట్ ఫంక్షన్ రోజుకు టీ, సంవత్సరానికి జే అడుగుతుంది. ఇండియాలో చక్కగా పనిచేసిన ఫార్ములా అక్కడ వింతగా అక్షరాలే చూపిస్తుంది.

కాలమ్‌లో ఎవరి తేదీ అయినా ఖాళీగా ఉంటే ఏమవుతుందో ముందే చెప్పుకోవాలి. ఖాళీ సెల్‌ను ఎక్సెల్ సున్నాగా తీసుకుని 00-01-1900 అని రాసేస్తుంది. గూగుల్ షీట్స్ అయితే 30-12-1899 అంటుంది. వందల వరసల్లో ఇది కంటికి ఆనకుండా ప్రింట్‌లోకి వెళ్లిపోతుంది. సున్నా తేదీ ఉన్న ఐడీ కార్డు పిల్లవాడి మెడలో వేలాడటం ఎంత అవమానమో ఆ పిల్లవాడికే తెలుస్తుంది. దాన్ని ఆపడానికి ఇఫ్ కలపాలి:

=ఏ2&ఇఫ్(బి2="","",", పుట్టిన తేదీ "&టెక్స్ట్(బి2,"డీడీ-ఎంఎం-వైవైవైవై"))

బి2 ఖాళీగా ఉంటే పేరు మాత్రమే వస్తుంది. లేదా ఆ ఖాళీ కోట్ల మధ్య "తేదీ అందలేదు" అని రాసుకుంటే ఇంకా మేలు. ఎవరెవరి వివరాలు అడిగి తెచ్చుకోవాలో వెంటనే తెలుస్తుంది.

కలపడానికి & ఒక్కటే దారి కాదు. కాన్‌కాటినేట్ అనే పాత ఫంక్షన్ ఉంది. ఎక్సెల్ 2019 నుంచి టెక్స్ట్‌జాయిన్ వచ్చింది. మధ్యలో పెట్టాల్సిన కామాను ఒక్కసారి చెబితే చాలు, ఖాళీ సెల్స్‌ను దాటేయమని కూడా చెప్పవచ్చు. చాలా కాలమ్‌లు కలపాల్సి వస్తే అదే తేలిక. అయితే వీటిలో ఏదీ తేదీని తనంతట తాను తేదీగా ఉంచదు. ఏది వాడినా లోపల తేదీ ఉన్న చోటల్లా టెక్స్ట్ ఫంక్షన్ పెట్టాల్సిందే. మెర్జ్ అండ్ సెంటర్ అనే బటన్ మాత్రం వేరే సంగతి. అది సెల్స్‌ను కలుపుతుంది గానీ వాటిలోని విషయాన్ని కలపదు. పై వరసలో ఎడమ పక్కన ఉన్న సెల్‌లోది మాత్రమే ఉంచి మిగతావన్నీ చెరిపేస్తుంది. ముందు ఒక హెచ్చరిక చూపిస్తుంది, చాలామంది చదవకుండానే ఓకే నొక్కుతారు. జాబితాల్లో ఆ బటన్ జోలికి పోకపోవడమే మంచిదన్నది నా అభిప్రాయం. శీర్షికకు తప్ప అది పనికిరాదు.

తేదీలా కనిపించేవన్నీ తేదీలు కావు

ఇంతవరకూ చెప్పింది సులువైన భాగం. ఫార్ములా సరిగ్గా ఉన్నా ఫలితం తప్పు రావడం దీనికన్నా ప్రమాదం. బి కాలమ్‌లో ఉన్నవి నిజంగా తేదీలేనా అన్నది ముందు చూడాలి.

ఎక్సెల్ మీరు కొట్టిన అంకెలను చదివేటప్పుడు కంప్యూటర్ ప్రాంతం సెట్టింగ్‌ను అనుసరిస్తుంది. ఇండియా సెట్టింగ్ ఉంటే 12-03-2010ని మార్చి 12గా తీసుకుంటుంది. అదే అమెరికా సెట్టింగ్ ఉంటే డిసెంబర్ 3 అవుతుంది, లోపలి సంఖ్య 40515 అవుతుంది. మన దగ్గర కొన్న ఎన్నో కంప్యూటర్లలో కూడా సెట్టింగ్ అమెరికాదే ఉండిపోతుంది, ఎవరూ మార్చరు. అలాంటి కంప్యూటర్‌లో 25-03-2010 కొడితే ఏమవుతుంది? ఇరవై ఐదో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోకుండా ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఏడాదిలో రోజు, నెల రెండూ పన్నెండు లోపే ఉండే తేదీలు 144. వాటిలో 01-01, 02-02 లాంటి పన్నెండు తేదీలు తారుమారైనా నష్టం లేదు. మిగిలిన 132 తేదీలను కంప్యూటర్ ఏ హెచ్చరికా లేకుండా తప్పుగా రాసుకుంటుంది. లీపు కాని ఏడాదిలో మిగతా 221 తేదీలు తేదీలుగా మారనే మారవు. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తప్పు తేదీలు, కొన్ని తేదీలే కానివి, కొన్ని మాత్రమే సరైనవి. సెల్స్ కలిపినప్పుడు కొన్ని వరసల్లో అంకెలు, కొన్ని వరసల్లో తేదీలు కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. అప్పుడు తేదీలాగా చక్కగా కనిపించిన వరసల్ని చూసి ఊరట చెందవద్దు. అవి ఉత్త అక్షరాలు. అంకెలుగా వచ్చినవాటిలో తారుమారైనవి ఉంటాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. మీరు ఏ అలైన్‌మెంటూ ఇవ్వకపోతే నిజమైన తేదీ సెల్‌లో కుడి అంచుకు చేరుకుంటుంది, అక్షరాలు ఎడమ అంచున ఉంటాయి. కాలమ్‌ను వెడల్పు చేసి పైనుంచి కిందికి చూస్తే తెలిసిపోతుంది. పక్క కాలమ్‌లో =ఈజ్‌నంబర్(బి2) అని రాస్తే నిజమైన తేదీకి ట్రూ అని, కానిదానికి ఫాల్స్ అని వస్తుంది. తారుమారైన తేదీలు మాత్రం ఈ పరీక్షలో కూడా ట్రూ అనే వస్తాయి, ఎందుకంటే అవీ సంఖ్యలే. వాటి కోసం =డే(బి2) అని రాసి రోజు మాత్రమే తీసి చూడండి. వందల మంది పిల్లల్లో ఒక్కరూ పన్నెండో తేదీ తర్వాత పుట్టలేదని కనిపిస్తే ఆ కాలమ్ మొత్తం తారుమారైనట్టే.

అక్షరాలుగా ఉండిపోయినవాటిని సరిచేయడానికి డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ ఉంది. మూడో మెట్టులో డేట్ ఎంచుకుని, పక్కన రోజు-నెల-సంవత్సరం వరసను సూచించే డీఎంవై పెట్టి ఫినిష్ నొక్కాలి. తారుమారైనవాటికి మాత్రం ఈ ఫార్ములా వాడాలి:

=డేట్(ఇయర్(బి2),డే(బి2),మంత్(బి2))

నెల చోట రోజును, రోజు చోట నెలను పెడుతోంది చూడండి. ఇది తారుమారైన వరసలకే వాడాలి. సరిగ్గా ఉన్నవాటికి వాడితే వాటిని మనమే పాడుచేసినవాళ్లం అవుతాం. ఏది ఏదో తేల్చుకోలేకపోతే రిజిస్టరు తీసి సరిపోల్చడం తప్ప వేరే దారి లేదు. అన్నిటికన్నా మేలైనది కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతాన్ని ఇండియాగా మార్చి, ఆ తర్వాతే టైపింగ్ మొదలుపెట్టడం.

దీనికి పూర్తిగా తలకిందులైన సమస్య తేదీలు కానివి తేదీలైపోవడం. మన ఊళ్లలో ఇంటి నంబర్లు 5-12 అనో, 3-4-12 అనో ఉంటాయి. వాటిని ఎక్సెల్‌లో టైప్ చేయగానే మొదటిది డిసెంబర్ 5 అవుతుంది, రెండోది 2012 ఏప్రిల్ 3 అవుతుంది. చిరునామా కాలమ్‌లన్నీ కలిపి ఉత్తరాల మీద అంటించే లేబుల్ తయారుచేస్తే ఇంటి నంబర్ చోట ఐదంకెల సంఖ్య వస్తుంది. ఆ ఉత్తరం ఇల్లు చేరదు. ఒకసారి తేదీగా మారాక ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మార్చినా పాత నంబర్ తిరిగి రాదు, లోపలి అంకే మిగులుతుంది. అందుకే ఇంటి నంబర్ల కాలమ్‌ను టైపింగ్‌కు ముందే ఎంచుకుని ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి. ఒకటి రెండు సెల్స్ అయితే నంబర్ ముందు ఒంటి కోట్ గుర్తు పెట్టినా సరిపోతుంది.

ఈ బాధ చిన్న ఆఫీసులకే పరిమితం అనుకోవద్దు. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 లాంటి పొట్టి పేర్లున్నవి ఉండేవి. శాస్త్రవేత్తలు వాటిని ఎక్సెల్‌లో పెట్టగానే మార్చి 1, సెప్టెంబర్ 1 అయిపోయేవి. జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం బయటపెట్టింది. జన్యువులకు పేర్లు ఖాయంచేసే హ్యూగో కమిటీ చివరికి 2020 నాటికి మార్చ్1ని మార్చ్ఎఫ్1గా, సెప్ట్1ని సెప్టిన్1గా మార్చేసింది. ప్రోగ్రాం అలవాటును మార్చలేక జన్యువుల పేర్లే మార్చుకున్నారు.

నెలను అక్షరాల్లో రాయండి

ఫార్ములా సరిగ్గా రాశాం, తేదీలు నిజమైనవేనని తేల్చుకున్నాం. ఇక చదివేవాళ్ల సంగతి. "పుట్టిన తేదీ 12-03-2010" అన్న వాక్యాన్ని గుంటూరులో మార్చి 12గా చదువుతారు. డల్లాస్‌లో ఉన్న మేనమామ పిల్లలు డిసెంబర్ 3గా చదువుతారు. వీసా కాగితాల కోసమో, అక్కడి బడిలో చేర్చడానికో ఆ జాబితా వెళ్తే, మన ఫార్ములాలో ఏ తప్పూ లేకుండానే తప్పు జరుగుతుంది. నెలను అక్షరాల్లో రాస్తే ఆ సందేహానికి తావే ఉండదు. అందుకు "డీడీ-ఎంఎంఎం-వైవైవైవై" అని ఎం మూడుసార్లు రాస్తే చాలు. నెల ఎవరు చదివినా నెలగానే ఉంటుంది. బయటివాళ్ల చేతికి వెళ్లే ఏ కాగితంలోనైనా నేను దీన్నే సిఫార్సు చేస్తాను.

తెలుగులో సర్టిఫికెట్ ఇస్తున్నప్పుడు నెల పేరు కూడా తెలుగులోనే ఉంటే బాగుంటుంది. ఎక్సెల్‌లో రూపం రాసే చోట ముందుగా చతురస్ర బ్రాకెట్లలో తెలుగు కోడ్ పెట్టాలి:

=టెక్స్ట్(బి2,"[$-44ఏ]డీ ఎంఎంఎంఎం వైవైవైవై")

12 మార్చి 2010 అని వస్తుంది. ఆ కోడ్ పనిచేయని ప్రోగ్రాంలో అయితే చూజ్ ఫంక్షన్‌తో నెలల పేర్లు మనమే ఇవ్వవచ్చు. చూజ్ లోపల మంత్(బి2) రాసి, ఆ తర్వాత "జనవరి", "ఫిబ్రవరి" అంటూ పన్నెండు పేర్లూ వరసగా కోట్లలో రాయాలి. కాస్త పొడుగు ఫార్ములా, కానీ ఎక్కడైనా పనిచేస్తుంది. పేర్లు మన చేతిలో ఉంటాయి కాబట్టి "మార్చి నెల" అనో "మార్చిలో" అనో మనకు కావాల్సినట్టు రాసుకోవచ్చు. వాక్యం తెలుగులా వినిపిస్తుంది.

వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేసేవాళ్లు ఇంకో చోట చిక్కుకుంటారు. ఎక్సెల్‌లో 12-03-2010 అని చక్కగా కనిపించిన తేదీ ఉత్తరంలోకి వెళ్లగానే 3/12/2010 అయిపోతుంది. వర్డ్ కూడా లోపలి సంఖ్యను తీసుకుని తనకు అలవాటైన అమెరికా పద్ధతిలో చూపించడమే దీనికి కారణం. ఫీల్డ్ కోడ్‌లోకి వెళ్లి రూపం మార్చవచ్చు, కానీ అక్కడ నెలకు పెద్ద ఎం రాయాలి, చిన్న ఎం రాస్తే నిమిషాలు వస్తాయి. అన్నేసి సంగతులు గుర్తుపెట్టుకోవడం కన్నా ఎక్సెల్‌లోనే టెక్స్ట్ ఫంక్షన్‌తో ఒక కొత్త కాలమ్ తయారుచేసి, మెయిల్ మెర్జ్‌కు ఆ కాలమ్‌ను ఇవ్వడం తేలిక. అక్షరాలుగా ఉన్నదాన్ని వర్డ్ మార్చదు.

జారీ చేసిన తేదీ కోసం చాలామంది టుడే ఫంక్షన్‌ను వాక్యంలో కలుపుతారు. ఫైల్ తెరిచిన ప్రతిరోజూ ఆ తేదీ మారిపోతుంది. జూన్‌లో ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఆగస్టులో మళ్లీ ప్రింట్ తీస్తే ఆగస్టు తేదీ పడుతుంది. జారీ తేదీని ఒక సెల్‌లో చేత్తో టైప్ చేసి, ఫార్ములాలో ఆ సెల్‌ను వాడండి.

అసలు తేదీల కాలమ్‌ను ఏం చేయాలన్నది చివరి సంగతి. కలిపిన వాక్యం చక్కగా వచ్చింది కదా అని బి కాలమ్‌ను చెరిపేసేవాళ్లున్నారు. ఫార్ములా ఆ కాలమ్ మీదే ఆధారపడి ఉంది, చెరపగానే అన్ని వరసల్లో ఎర్రర్ వస్తుంది. వాక్యాలను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించాక చెరిపినా నష్టమే. టెక్స్ట్ ఫంక్షన్ ఇచ్చేది అక్షరాలు. వాటితో వయసు లెక్కకట్టలేం. వయసు ప్రకారం వరస పెట్టమంటే 01-12-2010ని 02-01-2010 కన్నా ముందు పెడుతుంది, ఎందుకంటే అక్షరాల వరసలో 01 ముందు వస్తుంది. అక్షరాలుగానే వరస పెట్టక తప్పని చోట, ఉదాహరణకు ఫైళ్ల పేర్లలో, సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర రాస్తే వరస చెడదు. షీట్‌లో మాత్రం అసలు తేదీల కాలమ్ ఎప్పుడూ ఉండాలి. కంటికి అడ్డం అనిపిస్తే రైట్ క్లిక్ చేసి హైడ్ చేయండి, డిలీట్ చేయకండి. కాలమ్ ఇరుకై తేదీల చోట ##### కనిపించినా భయపడాల్సింది లేదు, వెడల్పు పెంచితే తేదీ కనిపిస్తుంది.

నామినల్ రోల్స్, పింఛన్ల జాబితాలు, సంఘాల రసీదులు తయారుచేసే ప్రతి ఒక్కరినీ నేను కోరేది ఒక్కటే. ఫార్ములా రాసి కిందికి లాగిన తర్వాత వెంటనే ప్రింట్ ఇవ్వకండి. పై నుంచి కొన్ని, మధ్యలోంచి కొన్ని, చివర నుంచి కొన్ని వరసలు తీసుకుని రిజిస్టరుతో సరిపోల్చండి. పన్నెండో తేదీ లోపు పుట్టినవాళ్లను, తేదీ ఖాళీగా ఉన్నవాళ్లను ప్రత్యేకంగా చూడండి. ఆ తర్వాతే ప్రింట్ తీయండి.